చలికాలంలో ఇన్‌హేలర్ వాడతాను... స్కూబా డైవింగ్ చేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 43. వచ్చే నెల నేను, మావారు ఓ చిన్న దీవిలోని రిసార్ట్‌కు వెళ్తున్నాం. పట్టుమని పది కాటేజీలు కూడా ఉండవట, చాలా ప్రశాంతమైన చోటు. అక్కడే నాలుగు రోజులు స్కూబా డైవింగ్ నేర్చుకోవాలని ఇద్దరికీ ఆశ. చిన్నప్పుడు నాకు ఉబ్బసం ఉండేది. ఇప్పుడు దాదాపు లేనట్టే, చలికాలంలో మాత్రం అప్పుడప్పుడూ ఇన్‌హేలర్ పీలుస్తాను. బీపీకి రెండేళ్లుగా మెటోప్రొలాల్ వేసుకుంటున్నాను. విమానం దిగేటప్పుడు చెవులు దిబ్బళ్లు పడి నొప్పి పెడతాయి. రిసార్ట్ వాళ్లు పంపిన హెల్త్ ఫారంలో ‘అన్నిటికీ నో అని పెట్టేయ్, లేకపోతే నీళ్లలోకి దిగనివ్వరు’ అంటున్నారు మావారు. ఆఖరి డైవ్ చివరి రోజు సాయంత్రం, మర్నాడు పొద్దున్నే విమానం. చెవులకు ఏం జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పండి.
– ఓ పాఠకురాలు

జవాబు: మీరు చెవుల గురించి అడిగారు. నేను చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌ని కాబట్టి నిజానికి అక్కడి నుంచే మొదలుపెట్టాలి. కానీ మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది వేరే మాట దగ్గర: ‘చలికాలంలో మాత్రం అప్పుడప్పుడూ’. ముందు దాని సంగతి చూద్దాం.

డైవింగ్ సిలిండర్‌లోని గాలిలో తేమ దాదాపు ఉండదు. ఎక్కువ పీడనం నుంచి బయటికి వస్తూ అది చల్లబడుతుంది కూడా. మీ ఛాతీకి చల్లటి, పొడి గాలి గిట్టకపోతే, సరిగ్గా అదే గాలిని నీటి అడుగున ముప్పావుగంట సేపు నోటితో పీల్చబోతున్నారన్నమాట. ఒడ్డున ఆయాసం వస్తే కూర్చుంటాం, ఇన్‌హేలర్ తీసి పీలుస్తాం. పన్నెండు మీటర్ల లోతులో ఆ వీలుండదు.

అంతకంటే పెద్ద ప్రమాదం పైకి వచ్చేటప్పుడు. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. 10 మీటర్ల లోతులో ఊది మూతి కట్టిన బెలూన్ పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. ఊపిరితిత్తుల్లోని గాలి కూడా అంతే. మామూలుగా ఊపిరి వదులుతూ పైకి వస్తాం కాబట్టి పెరిగిన గాలి బయటికి పోతుంది. డైవింగ్‌లో మొట్టమొదట ‘ఊపిరి బిగబట్టొద్దు’ అని నేర్పేది అందుకే. ఉబ్బసంలో చిక్కేమిటంటే, మీరు బిగబట్టకపోయినా ముడుచుకుపోయిన సన్నటి గాలిగొట్టాల వెనక కొంత గాలి ఇరుక్కుపోవచ్చు. అది ఉబ్బి ఊపిరితిత్తిని చీల్చితే గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడుకు చేరగలవు. నిమిషాల్లో స్పృహ తప్పడమో, పక్షవాతంలా కాలూచెయ్యీ పడిపోవడమో జరగొచ్చు. ఇది అరుదే. కానీ దీనికి పెద్ద లోతు అక్కర్లేదు, మనిషి ఎత్తు నీళ్లు చాలు.

అలాగని ఉబ్బసం ఉన్నవాళ్లందరికీ డైవింగ్ నిషేధమేమీ కాదు. జబ్బు పూర్తిగా అదుపులో ఉండి, పరీక్షల్లో ఊపిరితిత్తుల పనితీరు మామూలుగా ఉన్నవాళ్లను అనుమతిస్తున్నారు. వాళ్లు కూడా అంతకుముందు 48 గంటల్లో ఆయాసం తగ్గించే ఇన్‌హేలర్ అవసరపడి ఉంటే నీళ్లలోకి దిగకూడదు. చలిగాలికో, శ్రమకో, టెన్షన్‌కో పిల్లికూతలు వచ్చేవాళ్లను మాత్రం డైవింగ్ వైద్యులు వద్దనే అంటారు. మీకు వచ్చేది చలిగాలి వల్లా, లేక ఆ కాలంలో పట్టే జలుబు వల్లా అన్నది ఉత్తరం చదివి తేల్చే విషయం కాదు. ఛాతీ వైద్యుడిని కలిసి స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష, చేయించుకోండి. మామూలుగా ఒకసారి, బాగా వ్యాయామం చేయించి మరోసారి చేయమని అడగండి. ఆ రిపోర్టు చేతికి వచ్చేదాకా మీరు స్కూబా చేయొద్దనే నా సలహా.

అదే రోజు మీ బీపీ మాత్ర గురించి కూడా మాట్లాడండి. మెటోప్రొలాల్ బీటా బ్లాకర్ల కోవలోది. ఈ కోవ మందులు కొందరిలో ఉబ్బసాన్ని రేపుతాయి, ఇన్‌హేలర్ ప్రభావాన్ని తగ్గించగలవు. గుండె వేగాన్ని అదుపు చేస్తాయి కాబట్టి ప్రవాహానికి ఎదురీదాల్సి వస్తే త్వరగా అలసిపోతారు. పైగా బీపీ ఉన్నవాళ్లలో నీటిలో ఉండగానే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే సమస్య కొందరికి వస్తుంది. మీకు డైవింగ్ ఆలోచన లేకపోయినా సరే, ఉబ్బసం ఉన్న మనిషికి ఈ మాత్రే ఎందుకన్నది అడగాల్సిన ప్రశ్న. బీపీకి వేరే మందులు చాలా ఉన్నాయి. అయితే దీన్ని మీ అంతట మీరు ఆపకండి. ఉన్నట్టుండి మానేస్తే బీపీ, గుండె దడ ఒక్కసారిగా పెరుగుతాయి.

ఇక ఆ ఫారం. మీవారి మీద నాకు కోపం లేదు, ఇద్దరూ ఎంతో ఆశపడి వేసుకున్న ప్రయాణం పాడవకూడదని ఆయన తాపత్రయం. కానీ ఒక్కసారి ఆలోచించండి అమ్మా. పది కాటేజీల దీవిలో ఆసుపత్రి ఉండదు, డాక్టర్ ఉండరు. మీ ఛాతీ సంగతి అక్కడివాళ్లకు తెలిసే దారి ఆ కాగితం ఒక్కటే. దాంట్లో అబద్ధం రాస్తే నీటి అడుగున మీ చెయ్యి పట్టుకునే ఇన్‌స్ట్రక్టర్‌కు మీ ఆయాసం కొత్తవాళ్ల కంగారులా కనిపిస్తుంది. ‘అవును’ అని రాస్తే డైవింగ్ రద్దయిపోదు, డాక్టర్ పరీక్షించి సంతకం పెట్టాలంటారు, అంతే. ప్రపంచమంతటా డైవింగ్ సెంటర్లు వాడే ఫారంలో మొదట పది ప్రశ్నలే ఉంటాయి. ప్రతిదానికీ నిజమే రాయండి, ఆయన ఫారంలో ఆయన కూడా.

ఊపిరితిత్తులకు, బీపీకి అనుమతి దొరికితే అప్పుడు చెవుల మాట. విమానం దిగేటప్పుడు చెవులు నొప్పి పెడుతున్నాయంటే చెవిని ముక్కు వెనక భాగంతో కలిపే సన్నటి గొట్టం, యూస్టేషియన్ ట్యూబ్, మీకు చప్పున తెరుచుకోవడం లేదన్నమాట. నీళ్లలో మార్పు విమానంలో కంటే చాలా వేగంగా ఉంటుంది, మొదటి రెండు మీటర్లలోనే నొప్పి మొదలవుతుంది. ముక్కు మూసుకుని మింగడం, లేదా ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదడం ఇప్పటి నుంచే రోజూ అద్దం ముందు సాధన చేయండి. నీళ్లలో తల మునగకముందే ఒకసారి చేసి, తర్వాత ప్రతి అర మీటరుకూ చేయాలి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే. చెవి తెరుచుకోకపోతే మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ కాకపోతే అరచేతిని అటూ ఇటూ ఊపి చెవి చూపించండి, ఇన్‌స్ట్రక్టర్‌కు అర్థమవుతుంది. గట్టిగా ఊదితే లోపలి చెవి దెబ్బతిని వినికిడి పోయే ప్రమాదం ఉంది.

జలుబు ఉంటే మాత్రం ఆ రోజు మానేయాల్సిందే. ముక్కు దిబ్బడ మాత్ర వేసుకుని దిగిన ఓ యువకుడు సెలవుల నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ఆరోగ్యమైన కర్ణభేరి ముత్యపుచిప్ప లోపలి రంగులో మెరుస్తుంది. అతనిది నేరేడుపండు రంగులో ఉంది, వెనక అంతా రక్తం. కిందికి దిగేటప్పుడు బాగానే ఉందట, నీటి అడుగున మందు ప్రభావం తగ్గిపోయింది, పైకి వస్తుంటే చెవిలో ఇరుక్కున్న గాలికి దారి లేకపోయింది. ‘డబ్బు కట్టేశాను కదా డాక్టర్’ అన్నాడు. వినికిడి మామూలు కావడానికి నెలన్నర పట్టింది.

డైవ్ అయ్యాక మంచినీళ్లతో చెవులు కడిగి, తల వంచి నీళ్లు కారనిచ్చి తువ్వాలుతో అద్దుకోండి. చెవిలో పుల్లలు పెట్టొద్దు.

విమానం విషయంలో మీ ప్లాన్ మార్చాల్సిందే. లోతులో ఉండగా రక్తంలో, కణజాలంలో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. విమానంలో గాలి పీడనం తగ్గడంతో అది బుడగలు కట్టి డికంప్రెషన్ సిక్‌నెస్ రావచ్చు. వరసగా కొన్ని రోజులు డైవ్ చేసినవాళ్లు విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలి. 24 గంటలు ఆగితే ఇంకా మంచిది. చివరి రోజు డైవ్ పెట్టుకోవద్దు. దీవి నుంచి చిన్న విమానంలో వచ్చేటట్టయితే ఆ విమానం నుంచే గంటలు లెక్కపెట్టండి.

డైవ్ తర్వాత భుజాలు, మోచేతుల్లో నొప్పి, తిమ్మిర్లు, తల తిరగడం, ఒంటి మీద ఎర్రటి మచ్చలు, మూత్రం రాకపోవడం... వీటిలో ఏది కనిపించినా ఈతకు అలసిపోయామని పడుకోకండి. ఇవి ఎక్కువగా మొదటి ఆరు గంటల్లోనే బయటపడతాయి. వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి నూరు శాతం ఆక్సిజన్ పెట్టి, హైపర్‌బారిక్ చాంబర్ (ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ ఇచ్చే గది) ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. అందుకే బయల్దేరేముందే రిసార్ట్‌కు ఫోన్ చేయండి. పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉందా, దగ్గర్లోని చాంబర్ ఎక్కడ, రాత్రిపూట అక్కడికి ఎన్ని గంటలు పడుతుంది అని అడగండి. జవాబు తడబడుతూ వస్తే అక్కడ డైవ్ చేయొద్దు. ఇన్సూరెన్స్‌లో డైవింగ్ ప్రమాదాలకు కవర్ ఉందో లేదో కూడా చూసుకోండి.

స్కూబాకు అనుమతి దొరక్కపోయినా, బీపీ అదుపులో ఉండి ఆయాసం లేకపోతే ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్లలో, పక్కన మనిషిని పెట్టుకుని స్నార్కెలింగ్ (నోట్లో గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి మీద తేలుతూ అడుగుకు చూడటం) చేయొచ్చా అని మీ డాక్టర్‌ని అడగండి. పగడాలు, రంగురంగుల చేపలు ఎక్కువగా కనిపించేది ఆ తక్కువ లోతుల్లోనే, వెలుగు బాగా పడేచోట. ఇంకా నెల టైముంది, పరీక్షలు ఈ వారమే చేయించుకోండి. స్పైరోమెట్రీ రిపోర్టు వచ్చాక మళ్లీ రాయండి, చూసి చెబుతాను.