పాట, నటన రెండూ చేస్తున్నాను.. గొంతు మొరాయిస్తోంది, ఏది వదులుకోవాలి?

ప్రశ్న: నా వయసు 31. జాజ్, సోల్ అనే పాశ్చాత్య సంగీత శైలుల్లో పాటలు పాడతాను. ఏ కంపెనీతోనూ ఒప్పందం లేదు. పాట రాసుకోవడం, రికార్డింగ్, షోలు మాట్లాడుకోవడం, ప్రచారం అన్నీ నేనే చూసుకుంటాను. మూడేళ్లుగా నటిస్తున్నాను కూడా. వారంలో రెండు మూడు రాత్రులు షోలుంటాయి, పగలు షూటింగ్. ఈమధ్య ఒక పాత్ర కోసం వరుసగా నాలుగు రోజులు అరుస్తూ, ఏడుస్తూ నటించాను. అప్పటి నుంచి ఐదు వారాలుగా గొంతు బొంగురుగానే ఉంది. కింది స్వరాలు పలుకుతున్నాయి. పై స్వరాలు గట్టిగా పాడితే వస్తున్నాయి, మెల్లగా పాడబోతే గాలి తప్ప శబ్దం రావడం లేదు. షోకి ముందు ఇబుప్రొఫెన్ వేసుకుంటున్నాను. నిద్ర నాలుగైదు గంటలే. పది రోజుల్లో ముఖ్యమైన షో ఉంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుంటే గట్టెక్కుతావని తెలిసినవాళ్లు అంటున్నారు. నా గొంతు బాగుపడాలంటే పాట, నటనల్లో ఒకటి మానేయాల్సిందేనా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది. పై స్వరాలు గట్టిగా పాడితే వస్తున్నాయి, మెల్లగా పాడితే రావడం లేదు అన్నారు. గాయకులు దీన్ని తరచూ 'ఈ రోజు గొంతు బాగాలేదు' అని తేలిగ్గా తీసుకుంటారు. గొంతు సమస్యలు చూసే మాకు మాత్రం స్వరతంత్రుల అంచులు వాచాయేమో అని అనుమానం కలిగించే మొదటి గుర్తు ఇదే. పై స్వరం మెల్లగా పలకాలంటే రెండు తంత్రుల అంచులు పల్చగా సాగి, సన్నగా, పూర్తిగా కలవాలి. అంచు మీద కాస్త వాపు ఉన్నా, చిన్న బుడిపె ఉన్నా మధ్యలో సందు మిగిలి గాలి జారిపోతుంది. గట్టిగా తోస్తే ఆ సందు మూసుకుంటుంది కాబట్టి స్వరం వస్తుంది. దాంతో మనిషి ఇంకా తోస్తూ పోతారు, వాపు ఇంకా పెరుగుతుంది. మీరు ఐదు వారాలుగా ఇదే చేస్తున్నట్టున్నారు.

అందుకే ఏది మానాలన్న ప్రశ్న కంటే ముందు జరగాల్సిన పని ఉంది. ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు వెళ్లి స్వరపేటికను చూపించుకోండి. వీలైతే స్ట్రోబోస్కోపీ సౌకర్యం ఉన్న చోటుకు వెళ్లండి. తంత్రుల కదలిక కంటికి అందనంత వేగంగా ఉంటుంది. స్ట్రోబోస్కోపీలో మిణుకుమిణుకుమనే వెలుగు సాయంతో ఆ కదలిక నెమ్మదిగా జరుగుతున్నట్టు కనిపిస్తుంది. పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు. గొంతు మీద బతికేవాళ్లకు బొంగురు రెండు వారాలు దాటితే ఆగకూడదు, మీకు ఐదయ్యాయి.

చూడకుండా మీకు ఉన్నది ఇదీ అని నేను చెప్పలేను, ఎవరూ చెప్పకూడదు. వట్టి వాపే కావచ్చు. రెండు తంత్రుల మీదా ఎదురెదురుగా వచ్చే నాడ్యూల్స్ అనే చిన్న బుడిపెలు కావచ్చు. అవి చాలామందికి ఆపరేషన్ లేకుండానే వాయిస్ థెరపీతో, అంటే గొంతును సరిగ్గా వాడటం నేర్పే శిక్షణతో తగ్గుతాయి. సాధారణంగా ఒకవైపే వచ్చే పాలిప్ అనే మెత్తటి బుడిపె అయితే కొన్నిసార్లు ఆపరేషన్ అవసరమవుతుంది. అరుపుల వల్ల తంత్రిలోని సన్నని రక్తనాళం చిట్లి ఉండవచ్చు కూడా. ఇదే నన్ను ఎక్కువ కంగారు పెడుతున్న సంగతి. ఎందుకంటే మీరు ఇబుప్రొఫెన్ వేసుకుంటున్నారు. ఇలాంటి నొప్పి మాత్రలు, ఆస్పిరిన్ లాంటివి రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తాయి. తంత్రులు ఒత్తిడిలో ఉన్నప్పుడు వాటిని వేసుకుని పాడితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పైగా నొప్పి తెలియదు కాబట్టి ఆగాల్సిన చోట ఆగరు. ఈ రోజే మానేయండి. నొప్పి భరించలేకపోతే, లివర్ సమస్యలేవీ లేకుంటే పారాసిటమాల్ వేసుకోవచ్చు. గొంతు మొద్దుబార్చే స్ప్రేలు వద్దు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు వైద్యంలో చోటు లేదని అనను. తంత్రులను కళ్లారా చూసిన డాక్టర్, అది వట్టి వాపేనని తేల్చుకున్నాక, తప్పనిసరి సందర్భంలో ఇవ్వవచ్చు. చూడకుండా చేయించుకోవడం మాత్రం ప్రమాదం. వాపు తాత్కాలికంగా తగ్గి గొంతు బాగైనట్టే అనిపిస్తుంది. లోపల నాళం చిట్లి ఉంటే ఆ ధైర్యంతో పాడిన ఒక్క షో తంత్రి మీద మచ్చ మిగల్చవచ్చు.

గాయని అడెల్‌కు 2011లో తంత్రిలో రక్తస్రావం జరిగింది. షోలు రద్దు చేసుకుని ఆపరేషన్ చేయించుకున్నారు. 2012 ఫిబ్రవరిలో గ్రామీ సంగీత అవార్డుల వేదిక మీద మళ్లీ పాడారు. మీలాగే పాట, నటన రెండూ చేసిన జూలీ ఆండ్రూస్‌కు 1997లో గొంతు ఆపరేషన్ తర్వాత పాడే గొంతు పోయింది. ఆ తర్వాత కూడా ఆమె నటించారు కానీ మునుపటిలా పాడలేకపోయారు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. షోలు రద్దు చేసుకోవడం అవమానం కాదనీ, ఆపరేషన్ అనేది తేలిగ్గా తీసుకోవాల్సిన దారి కాదనీ రెండూ గుర్తుండాలని చెబుతున్నాను.

ఇక మీ అసలు ప్రశ్న. నా ఉద్దేశంలో ఏదీ మానక్కర్లేదు. పాటకూ నటనకూ మీరు వాడేది ఒకే జత తంత్రులని గుర్తుపెట్టుకుని లెక్క వేసుకోవాలి, అంతే. మీ డైరీలో షోలు ఒక పేజీలో, షూటింగులు మరో పేజీలో ఉండి ఉంటాయి. గొంతుకు ఆ తేడా తెలియదు. స్త్రీ మామూలుగా మాట్లాడేటప్పుడు తంత్రులు సెకనుకు సుమారు 200 సార్లు కలిసి విడిపోతాయి. అరగంట ఆగకుండా మాట్లాడితే మూడు లక్షల అరవై వేల సార్లు తగులుకుంటాయి. పై స్వరాల్లో సెకనుకు ఈ లెక్క రెట్టింపు దాటుతుంది. కాబట్టి 'ఈ రోజు షో లేదు, విశ్రాంతే' అని మీరు అనుకున్న రోజు ఆరు గంటలు డైలాగులు చెప్పి, రాత్రి రెండు గంటలు ఫోన్‌లో షోలు మాట్లాడుకుని ఉంటే అది విశ్రాంతి రోజు కాదు. పాడటం, డైలాగులు, రిహార్సల్, ఫోన్ అన్నీ కలిపి రోజుకు ఎన్ని గంటలు గొంతు వాడారో రెండు వారాలు రాసుకోండి. చాలామందికి ఆ కాగితం చూశాకే విషయం అర్థమవుతుంది.

ఇంకో మాట. మైక్ ముందు దగ్గరగా, మెల్లగా పాడే జాజ్ పాట మీ గొంతుకు పెద్ద శత్రువు కాకపోవచ్చు. సోల్‌లో గరగరలాడించే పలుకులు, గట్టిగా ఎత్తుకునే చోట్లు కొంచెం భారమే అయినా, మంచి పద్ధతితో పాడితే గొంతు తట్టుకుంటుంది. పెద్ద భారం సాధారణంగా పాట బయటే ఉంటుంది. షో అయ్యాక హోరులో నిలబడి అభిమానులతో మాట్లాడటం అందులో ఒకటి. చుట్టూ శబ్దం పెరిగితే తెలియకుండానే మనం గొంతు పెంచుతాం. లొంబార్డ్ అనే ఫ్రెంచ్ డాక్టర్ 1911లోనే ఈ సంగతి చెప్పారు. మీ విషయంలో అయితే ఆ నాలుగు రోజుల అరుపులే ముఖ్యం.

అరుపు సీన్లను మానమని నేను చెప్పను. వాటిని ఎలా చేయాలో ముందే దర్శకుడితో మాట్లాడుకోండి. రిహార్సల్‌లో పెదాలు కదిపితే చాలు, గొంతు టేక్‌కే వాడతానని చెప్పండి. అరుపు సీన్లన్నీ ఒకే రోజు చివర్లో పెట్టమనండి. దూరపు షాట్లకు మీ అరుపు అవసరం లేదు, తర్వాత డబ్బింగ్‌లో రెండు మూడు టేకుల్లో ఇవ్వవచ్చు. ఆ రోజుకు ముందు రోజు, తర్వాతి రోజు షో ఒప్పుకోకండి. నాటకాల్లో, సినిమాల్లో అరవడం నేర్పే వాయిస్ కోచ్‌లు ఉంటారు, ఒకటి రెండు క్లాసులైనా తీసుకోండి. గుసగుసగా చెప్పే సీన్లూ తేలికేమీ కాదు, బలవంతపు గుసగుసకు చాలామంది గొంతు బిగబడుతుంది.

నటీనటుల సంఘాల ఒప్పందాల్లో చాలాచోట్ల ఒక రోజు పని ముగిశాక మర్నాడు మొదలయ్యేలోపు ఇంత విరామం అని రాసి ఉంటుంది. అమెరికాలో శాగ్-ఆఫ్ట్రా అనే నటీనటుల సంఘం ఒప్పందాల్లో అది సాధారణంగా 12 గంటలు. మీ రాత్రి షోకీ మర్నాటి షూటింగ్‌కీ మధ్య విరామం ఏ ఒప్పందంలోనూ ఉండదు, ఎందుకంటే ఆ రెండు పనులూ ఒకరికొకరు తెలియనివాళ్లు ఇచ్చినవి. ఇండిపెండెంట్‌గా ఉండటంలో నాకు కనిపించే అసలు కష్టం ఇదే. 'ఈ అమ్మాయికి రేపు కుదరదు' అని మీ తరఫున చెప్పేవారు లేరు. మేనేజర్ పని కూడా మీదే కాబట్టి, వారంలో ఒక పూర్తి రోజును ముందే బుక్ అయిన షోలా డైరీలో రాసుకుని, ఎవరడిగినా ఆ తేదీ ఖాళీ లేదనే చెప్పండి. ఆదాయం తగ్గుతుందన్న టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఆ టెన్షన్ కూడా మెడ, గొంతు కండరాలను బిగించి స్వరాన్ని పాడుచేస్తుంది. నాలుగైదు గంటల నిద్రతో మానే గాయం కాదిది, కనీసం ఏడు గంటలు కావాలి.

పది రోజుల తర్వాతి షో సంగతి పరీక్ష తర్వాతే తేలాలి. రక్తస్రావం కనిపిస్తే మారుమాట లేకుండా రద్దు. కొద్దిపాటి వాపే అయితే డాక్టర్ ఒప్పుకుంటే పాడవచ్చు. అక్కడ మీ సంగీతమే మీకు సాయం చేస్తుంది. జాజ్‌లో శ్రుతి ఒకటి రెండు మెట్లు దించుకోవడం, పియానోకో శాక్సఫోన్‌కో సోలోలు ఎక్కువ ఇవ్వడం మామూలే. వినేవాళ్లకు లోటుగా అనిపించదు. పాటల సంఖ్య తగ్గించి, పై స్థాయిలో అరిచే ముగింపులు పక్కన పెట్టండి. స్టేజి మీద మీ గొంతు మీకు వినబడేలా మానిటర్ (మీకు వినిపించే స్పీకర్) సరిచేయించుకోండి, వినబడకపోతే తోస్తారు. షో అయ్యాక చెవుల్లో గుయ్‌మంటుంటే వినికిడి పరీక్ష కూడా చేయించుకోండి. 100 డెసిబెల్స్ శబ్దంలో 15 నిమిషాలు దాటి ఉండకూడదని నిపుణుల లెక్క. సంగీతకారుల ఇయర్‌ప్లగ్స్ స్వరాలను చెడగొట్టకుండా శబ్దాన్ని తగ్గిస్తాయి.

పరీక్ష అయ్యేదాకా పాట వద్దు, అరుపు వద్దు, గుసగుసలూ వద్దు. మాట్లాడాల్సి వస్తే తక్కువగా, మామూలు గొంతుతో మాట్లాడండి. గొంతు సవరించుకోవాలనిపిస్తే ఒక గుక్క నీళ్లు మింగండి. తాగిన నీళ్లు తంత్రులకు నేరుగా తగలవు, ఒంట్లో కలిసి వాటిని చేరడానికి సమయం పడుతుంది. కాబట్టి స్టేజి ఎక్కే ముందు సీసా ఖాళీ చేయడం కాదు, ఉదయం నుంచీ తాగాలి. వట్టి నీటి ఆవిరి పట్టుకోవచ్చు. జలుబుకు వాడే కొన్ని అలర్జీ మాత్రలు గొంతును ఎండగడతాయి, అడగకుండా వేసుకోకండి. షో ముగించుకొచ్చి కడుపునిండా తిని పడుకునే అలవాటుంటే, యాసిడ్ గొంతు దాకా పైకి వచ్చి ఇదే బొంగురును పెంచుతుంది. పడుకోవడానికి మూడు గంటల ముందే తినండి. సిగరెట్ అలవాటుంటే అది పూర్తిగా మానాలి.

పాడుతుండగా ఉన్నట్టుండి గొంతు పూర్తిగా పోయినా, దగ్గితే రక్తం పడినా, ఊపిరి ఆడకపోయినా, మింగడం కష్టమైనా, మెడలో గడ్డ తగిలినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు వేసుకుంటున్న మందులన్నీ పట్టుకెళ్లండి. మూడు నెలల క్రితం మీరు పాడిన రికార్డింగ్ ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి, ఏ స్వరం దగ్గర ఇప్పుడు గాలి జారుతోందో ఆ స్వరం అందులో ఉండేలా చూసుకోండి. మీ గొంతు మామూలుగా ఎలా ఉంటుందో ఆ డాక్టర్‌కు తెలియదు కదా.