ఐజీఐ తీసిన కంపెనీ ఏమైపోయింది?

నెట్ సెంటర్లలో మనమందరం ఆడిన ఐజీఐ అనే షూటింగ్ గేమ్ తీసినవాళ్లు ఏమయ్యారు, రెండో భాగంతో ఎందుకు ఆగిపోయారు, మూడోది ఆడినట్టు లీలగా గుర్తుంది, నిజమేనా అని అడిగారు. కంపెనీ 2003లోనే మూతపడింది. మన హనుమకొండలో పిల్లలు దాని కోసం సిస్టమ్ ఖాళీ ఎప్పుడవుతుందా అని నిలబడే రోజులకే అక్కడ షట్టర్ దించేశారు.

దాని పేరు ఇన్నర్‌లూప్ స్టూడియోస్, ఊరు నార్వేలోని ఓస్లో. ఐజీఐ కంటే ముందు వాళ్లు జాయింట్ స్ట్రైక్ ఫైటర్ అని యుద్ధవిమానాల గేమ్ తీశారు. ఐజీఐ గొప్పతనమంతా అక్కడి నుంచే వచ్చింది. విమానంలోంచి చూస్తే కొండలు, మైదానాలు కనుచూపు మేర కనపడాలి కదా. అందుకోసం రాసుకున్న గేమ్ ఇంజిన్‌నే, అంటే తెర మీద దృశ్యాలను నడిపించే ప్రోగ్రామ్‌నే, 2000 చివర్లో వచ్చిన ఐజీఐకి వాడుకున్నారు. అప్పటి షూటింగ్ గేమ్‌లు చాలావరకు గదుల్లో, సందుల్లో తిప్పేవి. ఇందులో కొండ మీద పడుకుని బైనాక్యులర్‌తో కింద ఉన్న క్యాంపంతా చూసి, ఏ టవర్ మీద ఎవడున్నాడో లెక్కేసుకుని దిగాలి. శాటిలైట్ మ్యాప్ తెరిస్తే గార్డులు నడుస్తుండటం పైనుంచి కనిపించేది. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

లోపాలూ తక్కువేం కాదు. మల్టీప్లేయర్, అంటే నలుగురూ కలిసి ఆడే వీలు, లేదు. అలారం మోగితే బ్యారక్‌లలోంచి గార్డులు పుట్టుకొస్తూనే ఉంటారు. అన్నిటికంటే ఘోరం, మిషన్ మధ్యలో సేవ్ లేకపోవడం. నయీంనగర్‌లో మా మామ నెట్ సెంటర్ ఉండేది, సెలవుల్లో కౌంటర్ మీద నేనే కూర్చునేవాణ్ణి. గంటకు 20 రూపాయలు. "టైమ్ అయిపోయింది తమ్మీ" అంటే వాడు స్క్రీన్ మీంచి కన్ను తిప్పకుండానే జేబులోంచి ఇంకో పది తీసి ఇచ్చేవాడు, లేస్తే మిషన్ మొత్తం మళ్లీ మొదటి నుంచి ఆడాలి మరి. ఓస్లోలో ఎవరు ఆ నిర్ణయం తీసుకున్నారో గానీ మా మామ మాత్రం బాగుపడ్డాడు. కరెంటు పోయి యూపీఎస్ కూత మొదలైతే చూడాలి ఆ టెన్షన్. చివరి గేటు దాకా వచ్చినవాడు "అన్నా, నా ఒక్క సిస్టమ్ బంద్ చేయకు" అని అక్కడి నుంచే అరిచేవాడు.

2003లో వచ్చిన రెండో భాగంలో వీటిలో కొన్ని సర్దారు. మిషన్‌లో కొన్నిసార్లు సేవ్ చేసుకోవచ్చు, మల్టీప్లేయర్ పెట్టారు. కానీ అప్పటికి బ్యాటిల్‌ఫీల్డ్ 1942 లాంటి గేమ్‌లు వచ్చేశాయి, పెద్ద మైదానాలు ఎవరికీ కొత్త కాదు. మొదటిది ఈడోస్, రెండోది కోడ్‌మాస్టర్స్ అనే పబ్లిషర్ కంపెనీలు విడుదల చేశాయి. చిన్న స్టూడియోలు చాలావరకు ఇలా పబ్లిషర్ ఇచ్చే డబ్బు మీదే నడుస్తాయి. ఒక గేమ్ పూర్తయ్యేసరికి తర్వాతి ఒప్పందం చేతిలో లేకపోతే జీతాలకే కటకట. ఆ ఏడాదే ఇన్నర్‌లూప్ కథ ముగిసింది.

మనవాళ్ల పైరసీ వల్లే మునిగిందని కొందరంటారు, నేను ఒప్పుకోను. మా సెంటర్‌లోనూ ఒకే సీడీ అన్ని సిస్టమ్‌లకూ ఎక్కించారు, నిజమే. కానీ వరంగల్‌లో ఎన్ని అమ్ముడవుతాయని లెక్కేసి వాళ్లు గేమ్ తీయలేదు. వాళ్ల బేరం యూరప్, అమెరికా షాపుల్లో. ఇక్కడ ఇంత పేరొచ్చిందని వాళ్లకు అప్పట్లో తెలిసుంటుందని కూడా నేననుకోను.

ఇక మీరు ఆడిన మూడోది. ది మార్క్ అని వేరే కంపెనీ గేమ్ ఒకటుంది, దాన్నే ఇక్కడ ఐజీఐ 3 అని స్టిక్కర్ వేసి అమ్మారు. మీరు ఆడింది బహుశా అదే. అసలు పేరుతో ఐజీఐ ఆరిజిన్స్ అని 2019లో వేరేవాళ్లు ప్రకటించారు గానీ అదీ మధ్యలోనే ఆగిపోయింది.