మెక్సికో మట్టి బొమ్మను హైదరాబాద్ తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ఒకరి ఇంటి పాత సామాన్ల అమ్మకంలో జానెడు మట్టి బొమ్మను 900 డాలర్లకు కొన్నాను. మెడలో పూసలు, పెద్ద తలపాగా, వీపు దగ్గర ఈల రంధ్రం ఉన్నాయి. మెక్సికోలోని హైనా (Jaina) దీవిలో దొరికిన, మాయా నాగరికత నాటి బొమ్మ అన్నారు. కాగితాలేమీ ఇవ్వలేదు. హైదరాబాద్ తెచ్చి, మంచి ధర వస్తే అమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: ముందు అది అసలుదో నకలో తేల్చుకోండి. హైనా సమాధుల్లో దొరికిన క్రీ.శ. 600–900 నాటి బొమ్మల్లో చాలావాటికి ఇలాగే ఈల ఉంటుంది, కొన్నింటికి నీలం రంగు ఇంకా అంటుకుని ఉంటుంది. నకళ్లకూ కొదవలేదు. మట్టిని చివరిసారి ఎప్పుడు కాల్చారో థర్మోల్యూమినిసెన్స్ పరీక్షలో సుమారుగా తెలుస్తుంది. నకలైతే పేచీ లేదు, షోకేసులో పెట్టుకోండి.

అసలుదైతే అది మెక్సికో ఎప్పుడు దాటిందన్నదే కీలకం. అక్కడి 1972 చట్టం ప్రకారం పురావస్తువులన్నీ ప్రభుత్వ ఆస్తి. అలాంటివాటిని అమెరికాలో అమ్మబోయినవారిపై, దొంగసొత్తు అంటూ మీ టెక్సాస్‌లో నడిచిన మెక్‌క్లెయిన్ కేసు దీని మీదే. 1972కు ముందు మెక్సికో ఆ హక్కును స్పష్టంగా ప్రకటించలేదంటూ అప్పీలు కోర్టు 1977లో శిక్షలు రద్దు చేసింది. కేసు మళ్లీ వచ్చినప్పుడు, 1979లో, కుట్ర నేరం మాత్రం నిలబడింది. అంటే, 1972కు ముందే బయటికొచ్చిందని చూపే పాత రసీదో ఫొటోనో మీకు ప్రాణం. అమ్మినవాళ్లను అడగండి. '900 డాలర్లే కదా' అన్న ధీమా వద్దు. అమెరికా దొంగసొత్తు చట్టంలో 5,000 డాలర్ల పరిమితి ఉన్న మాట నిజమే గానీ, మార్కెట్ విలువ ఎక్కువైతే దాన్నే లెక్కిస్తారు.

ఇక హైదరాబాద్ ఆలోచన మానుకోండి. మన పురావస్తువుల చట్టమూ 1972దే. వందేళ్లు దాటిన శిల్పం పురావస్తువే, ఏ దేశానిదన్న షరతు ఆ నిర్వచనంలో లేదు. టెర్రకోట శిల్పాలకు రిజిస్ట్రేషన్ తప్పదు. పైగా ఒకసారి ఇక్కడికి వచ్చాక తిరిగి డాలస్ తీసుకెళ్లలేరు. ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు. కస్టమ్స్ ఫారంలో 'హ్యాండీక్రాఫ్ట్' అని రాసేయమని ఎవరైనా చెబితే అసలు వినకండి, అది ఇంకో కేసు.

నేను ఇక్కడి లాయర్ని. అమ్మకం సంగతి పక్కనపెట్టి, కళాఖండాల కేసులు చూసే అక్కడి లాయర్‌ను కలవండి. పాత కాగితాలు దొరక్కపోతే, ఆయన ద్వారానే మెక్సికో కాన్సులేట్‌కు స్వచ్ఛందంగా అప్పగించవచ్చు. చాలామంది అలా ఇస్తున్నారు కూడా.