షార్క్ స్కిన్ ర్యాప్ వేయిస్తే కారు మైలేజ్ పెరుగుతుందా?

జేసీ రోడ్డు షాపతను కారు మీద 'షార్క్ స్కిన్' ర్యాప్ (సొరచేప చర్మంలా ఉండే, అంటించే ఫిల్మ్) వేయిస్తే మైలేజ్ పది శాతం పెరుగుతుందన్నాడనీ, గోల్ఫ్ బంతి ఫోటో కూడా చూపించాడనీ రాశారు. మైలేజ్ కోసమే అయితే వద్దండి. నేను ఇక్కడే బెంగళూరులో కొన్నేళ్లు విండ్ టన్నెల్ ల్యాబ్‌లో, అంటే వస్తువుల మీదికి గాలి వదిలి పరీక్షించే చోట, పనిచేశాను. ఆయన రెండు వేర్వేరు విషయాల్ని ఒకే గాటన కట్టేశాడు.

ముందు బంతి సంగతి. గుండ్రటి వస్తువు మీద గాలి చివరిదాకా అంటిపెట్టుకుని ఉండదు, మధ్యలోనే విడిపోతుంది. వెనకాల సుడులు లేచి ఒత్తిడి తగ్గుతుంది, డ్రాగ్‌లో, అంటే గాలి వెనక్కి లాగే నిరోధంలో, ఎక్కువ భాగం దానివల్లే. టన్నెల్‌లో ఇది కళ్లారా కనిపిస్తుంది. నల్లరంగు వేసిన సిలిండర్‌కు టైటానియం డయాక్సైడ్ కలిపిన నూనె పూసి గాలి వదులుతాం. తెల్లటి నూనె చారలు చారలుగా సాగుతూ పోయి ఒకచోట గట్టు కట్టి ఆగిపోతుంది, గాలి విడిపోయేది అక్కడే. నున్నటి సిలిండర్‌కైతే ఎదుటి అంచు నుంచి సుమారు 80 డిగ్రీల దగ్గర. ముందువైపు సన్నటి గరుకు పట్టీ అంటించి, తగిన వేగంలో మళ్లీ చూస్తే ఆ గట్టు బాగా వెనక్కి జరుగుతుంది. గరుకుదనం ఉపరితలం మీది పలచటి గాలి పొరను కలతపెడుతుంది. పైన వేగంగా పోయే గాలి అందులో కలిసి ఊపునిస్తుంది, దాంతో పొర ఇంకాస్త వెనకదాకా అంటిపెట్టుకుని ఉంటుంది. గోల్ఫ్ బంతి గుంతలు చేసే పనీ అదే, డ్రాగ్ దాదాపు సగానికి పడిపోతుంది. (చిన్నస్వామిలో కొత్త బంతి స్వింగ్ అయ్యేదీ సీమ్ ఇలా ఒకవైపు పొరను కలతపెట్టడం వల్లే.)

కారు సైజుకి, వేగానికి ఆ పొర ఎలాగూ కలతపడే ఉంటుంది. గాలి విడిపోయేది వెనక డిక్కీ అంచు దగ్గర. ఆ అంచు మారనంతకాలం గుంతలు పెట్టి లాభం లేదు.

సొరచేప చర్మం కథ వేరు. పొలుసుల మీద ప్రవాహం వెంబడి సన్నటి గాడులుంటాయి. 1980లలో అమెరికాలోని నాసా లాంగ్లీ పరిశోధన కేంద్రంలో ఇలాంటి గాడుల్నే, అంటే రిబ్లెట్లను, పరీక్షించారు. ఉపరితలం దగ్గరి సుడులు గాడుల అడుగుదాకా దిగలేవు, కొనల్నే తాకుతాయి. అలా రాపిడి ల్యాబ్‌లో 8 శాతం దాకా తగ్గింది. మన బెంగళూరు ఎన్ఏఎల్‌లోనూ (నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్) దీనిమీద చాలా పని జరిగింది, పి.ఆర్. విశ్వనాథ్ 2002లో మంచి సమీక్షా వ్యాసం రాశారు. జర్మన్ కంపెనీలు లుఫ్తాన్సా టెక్నిక్, బీఏఎస్‌ఎఫ్ కలిసి చేసిన ఏరోషార్క్ ఫిల్మ్‌ను బోయింగ్ 777లకు వేస్తున్నారు. గాడులు సుమారు 50 మైక్రాన్లు (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు), ఆదా అయ్యే ఇంధనం ఒక శాతం చిల్లర. రాపిడే డ్రాగ్‌లో సగం దాకా ఉండే విమానానికే ఇంత!

కారులో రాపిడి వాటా చిన్నది. పైగా గాడి కొలత వేగాన్ని బట్టి ఉండాలి. లెక్క వేస్తే గంటకు 80 కిలోమీటర్ల దగ్గర పావు మిల్లీమీటరు చిల్లర వస్తుంది. మారతహళ్ళి ట్రాఫిక్‌లో 20 మీద పాకేటప్పుడు అది ఉన్నా లేనట్టే. గాడులు గాలి వాలుకు అడ్డంగా పడితే డ్రాగ్ పెరుగుతుంది కూడా. ఇక ఆ గాడుల్లో నిండే అవుటర్ రింగ్ రోడ్డు దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు.

టైర్లలో గాలి సరిగ్గా పెట్టించండి. వాడని రూఫ్ క్యారియర్ ఉంటే తీసేయండి. అనంతపురం వైపు హైవే ఎక్కినప్పుడు 100కి బదులు 80లో వెళ్లండి, ఎందుకంటే 100 దగ్గర గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ర్యాప్ లుక్ నచ్చితే వేయించుకోండి, కానీ మైలేజ్ పేరు చెప్పి అడిగే అదనపు డబ్బు మాత్రం ఇవ్వకండి.