కొత్త తేనెటీగను వర్ణించబోయే అమ్మాయికి

హైదరాబాద్

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీవు పంపిన ఫోటోలను భూతద్దం పెట్టుకుని రెండు రోజులు చూశాను. గచ్చిబౌలి బండరాళ్ల మధ్య వెంపలి పూల మీద నీకు దొరికిన ఆ ఆకు కత్తిరించే తేనెటీగ ఇంతవరకు ఎవరూ వర్ణించనిదే కావచ్చునన్న నీ ఊహను నేను కొట్టివేయడం లేదు. అయితే సంక్రాంతిలోగా వ్యాసం పంపించేస్తానన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. నీ దగ్గరున్నవి మూడు ఆడ ఈగలు. మగది ఒక్కటీ లేదు. ఆ లోటు తీరేవరకు ఆగమని చెప్పడానికే ఈ ఉత్తరం.

ప్రపంచంలో 20,000కు పైగా తేనెటీగ జాతులకు పేర్లున్నాయి. పట్టు పెట్టి గుంపుగా బతికేవి వాటిలో కొద్దిపాటివే, అత్యధికం ఒంటరివి. ఆకు కత్తిరించే ఈగలు చేరిన నీ మెగాకైలీ ప్రజాతిలోనే వెయ్యికి మించి జాతులున్నాయి. వీటిలో ఆడదానికి పొట్ట అడుగున పుప్పొడి మోసే వెంట్రుకల కుచ్చు ఉంటుంది. మగదానికి అది ఉండదు, పైగా కొన్ని జాతుల మగవాటికి ముందుకాళ్లు వెడల్పుగా, లేత రంగులో ఉండి వేరే ఈగ అనిపిస్తాయి. అందుచేత ఒకే జాతి ఆడదానికి ఒక పేరు, మగదానికి మరొక పేరు పెట్టిన సందర్భాలు ఈ శాస్త్రంలో తక్కువేమీ కాదు. నేనూ ఆ గోతిలో పడబోయినవాణ్ణే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మగ ఈగను కొత్త జాతిగా రాసి, పేరు కూడా ఖాయం చేసుకుని పంపితే, "ఇది ఫలానా ఆడ ఈగకు మగడు కాదని ఎలా చెప్పగలరు?" అన్న ఒక్క వాక్యంతో పరిశీలకుడు తిప్పి పంపాడు. మరుసటి ఏడాది ఒకే గూటిలో నుంచి రెండూ బయటికి వచ్చాయి.

కాబట్టి నీవు చేయవలసిన మొదటి పని గూడు వెతకడం. ఒకవైపు కణుపుతో మూసుకుపోయిన సన్నని వెదురు గొట్టాలను కట్టగా కట్టి, వాన తగలని చోట, ఆ వెంపలి పొదల దగ్గరలోనే కట్టు. ఆకు ముక్కలతో మూత పడిన గొట్టాలను ఒక్కొక్కదాన్ని విడివిడిగా సీసాలో ఉంచి, మూతికి పలుచని గుడ్డ కట్టు. సాధారణంగా మగవి గొట్టం మూతి వైపు గదుల్లో పెరిగి ముందుగా బయటపడతాయి, ఆడవి లోపలి గదుల్లో నుంచి తరువాత వస్తాయి. ఒకే గొట్టంలో రెండూ దొరికితే ఇక ఎవరూ నిన్ను ప్రశ్నించలేరు. నీ ఈగ బండల పగుళ్లలోనో నేలలోనో గూడు పెట్టేదైతే గొట్టాల వైపు చూడదు. అప్పుడు పొద్దున్నే పూల చుట్టూ తిరిగే మగవాటిని పట్టడం తప్ప దారి లేదు. ఆ బండలను పగలగొట్టి అపార్టుమెంట్లు కట్టేలోగా ఆ పని జరగాలి.

రెండవది పోల్చి చూడడం. నెలలు తినే పని ఇదే. కందిరీగలు, తేనెటీగల మీద బింగ్‌హామ్ అనే కీటక శాస్త్రజ్ఞుడు 1897లో ప్రచురించిన సంపుటం మన దేశపు తేనెటీగలకు ఇప్పటికీ మొదటి గుమ్మం, కాని అక్కడే ఆగిపోకూడదు. ఆ కాలపు వర్ణనల్లో చాలావాటిలో రంగులే ఎక్కువ. ఎండకు వెంట్రుకల రంగు వెలిసిపోతుంది, వయసు మీరిన ఈగకు వెంట్రుకలే రాలిపోతాయి. దగ్గరి జాతుల మూల నమూనాలు, అంటే పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న అసలు ఈగలు, అనేకం లండన్, ఆక్స్‌ఫర్డ్ మ్యూజియాల్లో ఉన్నాయి. వాటి దవడలు, నోటి పైపలక అంచు, చివరి ఉదర ఖండితాలు కనిపించేలా ఫోటోలు పంపమని మర్యాదగా రాయి. జవాబు ఆలస్యమైతే మళ్లీ రాయి.

ఇక వర్ణన. 1930 తరువాతి పేర్లకు, ఈ జీవి ఇతర జాతుల నుంచి దేనిలో వేరో మాటల్లో చెప్పాలని అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి అడుగుతుంది. "నలుపు, పొట్ట మీద తెల్లని చారలు" అంటే సరిపోదు, అలాంటివి మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. దవడకు పళ్లెన్ని, ఏ పళ్ల మధ్య కోత అంచు ఉంది, పొట్ట అడుగు కుచ్చు ఏ ఖండితం మీద ఏ రంగు, మగదాని ఆరవ ఖండితం అంచు ఎలా చీలి ఉంది, జననాంగాల ఆకారం ఏమిటి అన్నవి రాయి. ప్రతిదానికీ దాని పక్కనే అత్యంత దగ్గరి జాతిలో అది ఎలా ఉంటుందో కూడా రాయి. ఒక కాలిని ఆల్కహాల్‌లో దాచి డీఎన్‌ఏ చూపించు, కాని దాన్ని సాక్షిగానే పిలువు, తీర్పరిగా కాదు.

హోలోటైప్‌గా, అంటే జాతి పేరుకు ఆధారంగా నిలిచేదిగా, ఒక్క నమూనానే ఎంచి, అది ఏ సంస్థలో ఉంటుందో వ్యాసంలో స్పష్టంగా చెప్పు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి నమూనాలను ప్రభుత్వం నిర్దేశించిన భాండాగారంలో జమ చేయాలి. మన ఇంటి బీరువా దానికి పనికిరాదు. పత్రిక ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చేదైతే ముందే జంతువుల పేర్లను నమోదు చేసే జూబ్యాంక్‌లో నమోదు చేసి, ఆ నమోదు సంగతి వ్యాసంలోనే కనిపించేలా చూడు. పేరు చివర పెట్టు. మెగాకైలీ స్త్రీలింగం గనుక, జాతి పేరుగా విశేషణం పెడితే అది దానికి తగినట్లుండాలి. నీ పేరు పెట్టుకోవడాన్ని నియమాలు నిషేధించకపోయినా లోకం నవ్వుతుంది, నా పేరు పెడితే నేను కోప్పడతాను.

ఆ మూడింటికీ చీటీలు గుచ్చావో లేదో నీ ఉత్తరంలో రాయలేదు. చోటు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, ఏ పువ్వు మీద పట్టావో ఈ రాత్రే రాసి గుచ్చు. ఆదివారం మా ఇంటికి తెచ్చేటప్పుడు పెట్టెను ఆటోలో ఒళ్లోనే పెట్టుకో. మెహిదీపట్నం గతుకులకు స్పర్శశృంగాలు నిలవవు.

ఇట్లు,
మీ పెదనాన్న