నెలలు నిండని బిడ్డ ఎదుగుదల, తల్లి మనసు

ప్రశ్న: నా వయసు 27. మా బాబు 30 వారాలకే పుట్టాడు. ఆరు వారాలు ఎన్‌ఐసీయూలో (పసికందుల ఇంటెన్సివ్ కేర్ విభాగంలో) ఉంచారు. ఇప్పుడు అయిదు నెలలు. తల ఇంకా సరిగ్గా నిలపడం లేదు. పలకరిస్తే కాసేపు చూసి మొహం తిప్పేసుకుంటాడు. వాడు పడుకున్నా నాకు నిద్ర పట్టదు. ఊపిరి తీసుకుంటున్నాడో లేదోనని పదే పదే లేచి చూస్తుంటాను. ఊరికే ఏడుపొస్తుంది. నా వల్లే ముందుగా పుట్టాడేమో అనిపిస్తుంది. నా టెన్షన్ వల్ల వాడి ఎదుగుదల దెబ్బతింటుందా?

జవాబు: ముందు బాబు సంగతి చెబుతానమ్మా, మీ భయం కొంతైనా అక్కడే తీరుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఎదుగుదలను పుట్టిన తేదీ నుంచి లెక్కగట్టకూడదు. నెలలు నిండడమంటే 40 వారాలు, మీ బాబు పది వారాలు ముందుగా వచ్చాడు కాబట్టి ఆ పది వారాలూ తీసేయాలి. అంటే ఎదుగుదల లెక్కలో వాడికి ఇప్పుడు దాదాపు రెండున్నర నెలలే. ఆ వయసుకు తల పూర్తిగా నిలపకపోవడం మామూలే. రెండేళ్లు వచ్చేదాకా ఇలాగే లెక్క చూడండి. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి.

మొహం తిప్పేసుకోవడం చూసి వాడికి మీరంటే ఇష్టం లేదనుకోకండి. ఇలాంటి పిల్లలు వెలుతురుకీ, మాటలకీ, స్పర్శకీ త్వరగా అలసిపోతారు. చూపు పక్కకు తిప్పడం, వేళ్లు విప్పార్చడం, ఆవలించడం, వెక్కిళ్లు రావడం ‘కాసేపు ఆగు’ అని చెప్పడమే. మీరు మాట ఆపి, కదలకుండా ఎత్తుకుని ఉండండి. కాస్త తేరుకున్నాక మళ్లీ మీ వైపు చూస్తాడు. అప్పుడు మెల్లగా పలకరించండి.

ఇక మీ గురించి. నెలలు నిండకుండా కాన్పు ఎందుకైందో చాలాసార్లు డాక్టర్లకే కచ్చితంగా తెలియదు. ఆ నింద మీ మీద వేసుకోకండి. కాన్పయ్యాక కొద్ది రోజులు ఏడుపు రావడం చాలామందిలో చూస్తాం, అది రెండు వారాల్లో సర్దుకుంటుంది. మీకు అయిదు నెలలైనా తగ్గలేదు, బిడ్డ పడుకున్నా నిద్ర రావడం లేదు. ఇవి డిప్రెషన్, యాంగ్జైటీ లక్షణాలు కావచ్చు. మానిటర్ల చప్పుళ్ల మధ్య వారాల తరబడి బిడ్డ కోసం భయపడ్డ తల్లుల్లో ఇవి ఎక్కువ. ఇది మీ బలహీనత కాదు, వైద్యంతో తగ్గే జబ్బు.

మీరు అడిగిన అసలు మాటకు వస్తే, మీరు ఒక రోజు ఏడ్చినంత మాత్రాన బాబు మెదడుకు ఏమీ కాదు. కానీ డిప్రెషన్‌ను నెలల తరబడి వదిలేస్తే తల్లికి నవ్వే ఓపిక, కబుర్లు చెప్పే ఓపిక తగ్గిపోతాయి. బిడ్డ సైగ చేయడం, పెద్దవాళ్లు దానికి బదులివ్వడం, ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే మాటలూ భావాలూ ఎదుగుతాయి. అందుకే మీ వైద్యాన్ని కూడా బాబు వైద్యంలో భాగంగానే చూడమంటున్నాను. ఈలోగా నాన్న, ఇంట్లో మిగతావాళ్లు వాడితో కబుర్లు చెప్పినా మేలే.

గైనకాలజిస్టునో, సైకియాట్రిస్టునో ఈ వారంలోనే కలవండి. కాన్పయ్యాక వచ్చే డిప్రెషన్‌ను గుర్తించడానికి ఎడిన్‌బరో స్కేల్ అని పది ప్రశ్నలుంటాయి, గత ఏడు రోజులు ఎలా గడిచాయో అడుగుతారు. కౌన్సెలింగ్‌తోనే చాలామంది తేరుకుంటారు. మందు అవసరమైతే, మీరు పాలిస్తున్నారని ముందే చెప్పండి. సెర్‌ట్రలిన్ లాంటివి పాలలోకి చాలా తక్కువగా వెళతాయి. మొదలుపెట్టాక సొంతంగా ఆపేయొద్దు. రాత్రి ఒక పూట కాపలా ఇంకొకరికి అప్పగించి, నాలుగైదు గంటలు వేరే గదిలో పడుకోండి. ఇది నా దృష్టిలో మందుతో సమానం. పగలు బాబును బట్టలు లేకుండా మీ గుండెకు ఆనించుకుని, పైన దుప్పటి కప్పుకుని కూర్చోండి. ఇద్దరికీ నెమ్మదిస్తుంది. నిద్ర వస్తుందనిపిస్తే మాత్రం వాడిని వెంటనే వాడి పడక మీద వెల్లకిలా పడుకోబెట్టేయండి.

చనిపోవాలనిపించినా, బిడ్డకు హాని చేయాలన్న ఆలోచన వచ్చినా, అస్సలు నిద్ర లేక లేనివి కనిపించడం, వినిపించడం మొదలైనా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. ఈ మాట ఇంట్లోవాళ్లకు కూడా చదివి వినిపించండి.

బాబుకు కంటి రెటీనా పరీక్ష, వినికిడి పరీక్ష అయ్యాయో లేదో డిశ్చార్జి కాగితాల్లో చూసుకోండి. పది వారాలు తీసేసిన లెక్కలో మూడు నెలలకు నవ్వకపోయినా, నాలుగు నెలలకు తల నిలపకపోయినా, ఒళ్లు బిగుసుకుపోతున్నా, ఒక చెయ్యే కదుపుతున్నా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.