బడ్జెట్‌లో కోత లేదంటున్న ఎమ్మెల్యేతో ఏం మాట్లాడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ ఊరి శాఖా గ్రంథాలయానికి దినపత్రికలు ఆగిపోయాయి, కొత్త పుస్తకాల ఊసే లేదు. ఎమ్మెల్యే గారిని అడిగితే "కోతలేం లేవు, నిరుటి కంటే ఎక్కువే కేటాయించాం" అన్నారు. ఆయన అబద్ధం చెబుతున్నారా, చెబితే ఎలా నిలదీయాలి అని అడుగుతున్నారు.

ఆయన అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు, చిక్కంతా అక్కడే ఉంది. బడ్జెట్ పుస్తకంలో కనబడేలా కోత పెట్టడం చాలా అరుదు. కేటాయింపు ఘనంగా ఉంటుంది, విడుదల దగ్గర బిగిస్తారు. అసెంబ్లీ పద్దు ఆమోదించినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. ఆర్థిక శాఖ విడతలవారీగా విడుదల ఉత్తర్వులు ఇవ్వాలి. అవి వచ్చాక కింది ఆఫీసు బిల్లు పెట్టాలి, ట్రెజరీ దాన్ని పాస్ చేయాలి. బిల్లు పెట్టి టోకెన్ నంబరు తెచ్చుకున్నాక కూడా నెలల తరబడి డబ్బు పడకపోవడం కాంట్రాక్టర్లకూ చిన్న ఉద్యోగులకూ బాగా తెలిసిన సంగతే. ఈలోగా మార్చి 31 వస్తుంది, ఖర్చు కాని నిధులు మురిగిపోతాయి. ఏప్రిల్ నుంచి మళ్లీ కొత్త కేటాయింపు, మళ్లీ "నిరుటి కంటే ఎక్కువే".

కాబట్టి "ఎంత కేటాయించారు" అని అడక్కండి. "ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది" అని అడగండి. బడ్జెట్ పత్రాల్లోనే దీనికి సగం జవాబు దొరుకుతుంది. ప్రతి పద్దు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2024-25 బడ్జెట్ తీసుకుంటే 2022-23లో నిజంగా అయిన ఖర్చు, 2023-24 బడ్జెట్ అంచనా, అదే ఏడాది సవరించిన అంచనా, చివర 2024-25 అంచనా. అందరూ చివరి అంకె చూసి చప్పట్లు కొడతారు. మీరు మొదటి అంకె తీసుకుని, రెండేళ్ల కిందటి బడ్జెట్ పుస్తకంలో ఆ ఏడాదికి ఎంత ఇస్తామన్నారో దాని పక్కన పెట్టి చూడండి. ఎంత తేడా ఉంటే ఎవరూ ప్రకటించని కోత అంత ఉన్నట్టే. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఏటా ఇచ్చే వినియోగ పద్దుల్లో కూడా ఇది ఉంటుంది, కాకపోతే అక్కడ ఖర్చు చేయకుండా ఆపిన డబ్బును "మిగులు" అంటారు. ఆదా చేశారేమో అనిపించే మాట!

నేను రిటైరైన టీచర్ని. మా ఊళ్లోనూ ఇదే జరిగింది. మొదట వారపత్రికలు, తర్వాత ఇంగ్లీషు పేపరు, చివరికి తెలుగు పేపర్లు కూడా ఆగిపోయాయి. గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే పిల్లలు తలా కొంత వేసుకుని ఒక పేపరు తెప్పించుకునేవారు. దాన్ని మధ్యకి విడదీసి, ఎడిట్ పేజీ ఒకరు, రాష్ట్ర వార్తలు ఒకరు చదువుకుని మార్చుకునేవారు. అది చూశాక ఎమ్మెల్యే గారి క్యాంపు ఆఫీసుకి వెళ్లాను. ఆయన మంచి మనిషే, పిలిచి కూర్చోబెట్టారు.

"మాస్టారూ, మీకు తెలియందేముంది? జీతాలు, పెన్షన్లు, వడ్డీలు పోను చేతిలో మిగిలేదెంత? అప్పు పరిమితి దాటితే ఢిల్లీ ఒప్పుకోదు. ఆస్పత్రి ముందా, పేపర్లు ముందా మీరే చెప్పండి" అన్నారు.

ఈ వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే రాజ్యాంగం 293వ అధికరణ ప్రకారం కేంద్రం అనుమతి కావాలి. జీతాలూ వడ్డీలూ ఆపలేరు, అందుకే బిగింపు ఎప్పుడూ చిన్న పద్దుల మీదే పడుతుంది. వాటికి అడిగే నాథుడు ఉండడు. కానీ గ్రంథాలయం విషయంలో ఆయన వాదన అసలు వర్తించదు. నేను జేబులోంచి మా ఇంటి పన్ను రసీదు తీసి ఆయన ముందు పెట్టాను. అందులో ఆస్తి పన్ను కింద విడిగా ఒక వరుస ఉంటుంది: లైబ్రరీ సెస్సు. 1960 నాటి పబ్లిక్ లైబ్రరీల చట్టం కింద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు దీనికోసమే వసూలు చేస్తారు. మున్సిపాలిటీ, పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. అది మున్సిపాలిటీ సొమ్మూ కాదు, రాష్ట్ర ఖజానా సొమ్మూ కాదు. చేతులు మారడానికి మాత్రమే వాళ్ల దగ్గరికి వచ్చిన డబ్బు.

"ఖజానా ఖాళీ అంటే ఒప్పుకుంటాను సార్. ఇది ఖజానాలోకి వెళ్లాల్సిన డబ్బే కాదు కదా?" అన్నాను.

ఆయన రసీదు చేతిలోకి తీసుకుని వెనకా ముందూ తిప్పి చూశారు. పీఏని పిలిచి "ఇది మనకీ పడుతుందా?" అని అడిగారు. పడుతుంది. ఆయన ఇంటికీ పడుతుంది.

మీరు కూడా ముందు తేల్చుకోవాల్సింది ఇదే, ఆగిన డబ్బు ఎవరిది? సిబ్బంది జీతాల సంగతైతే అది రాష్ట్ర గ్రాంటు, దాని మీద వాదన వేరు, కష్టం కూడా. పేపర్లు, పుస్తకాలు అయితే దాదాపుగా సెస్సు బకాయే. తెలుసుకోవడానికి మున్సిపాలిటీలో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. గత మూడేళ్లలో ఏడాదివారీగా లైబ్రరీ సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు, బకాయి ఎంత అని మాత్రమే అడగండి. "ఎందుకు జమ చేయలేదు" అని రాయకండి. రికార్డులో ఉన్నదే ఇస్తారు, కారణాలు చెప్పక్కర్లేదన్న వంకతో దరఖాస్తు మొత్తం తిప్పి కొట్టే ప్రమాదం ఉంది. గడువులో జవాబు రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. నాకు అప్పీలు దాకా వెళ్తే గానీ కాగితం రాలేదు. బకాయి చిన్నదేం కాదు.

ఇక "నా చేతిలో ఏముంది" అనే మాట. ఇది సగం నిజం. అధికార పార్టీ ఎమ్మెల్యే విప్‌ని, అంటే ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, ధిక్కరించి పద్దుకు వ్యతిరేకంగా ఓటేస్తే 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం కింద పదవే పోవచ్చు. కోత తీర్మానాలని ఉంటాయి, వాటిలో ఒక రకం పద్దుని నామమాత్రంగా ఒక్క రూపాయికి తగ్గించమంటుంది, కానీ అవి ప్రతిపక్షం పెట్టేవి, నెగ్గేవి కావు. కాబట్టి "బడ్జెట్‌ని వ్యతిరేకించండి" అని అడిగి లాభం లేదు, మర్యాదగా తల ఊపి పంపేస్తారు.

ఆయన చేయగలిగినవి అడగండి. అసెంబ్లీలో ప్రశ్న వేయడానికి ఏ విప్పూ అడ్డు కాదు. పద్దుల మీద చర్చలో రెండు నిమిషాలు మాట్లాడొచ్చు, అయితే చివరి రోజున చర్చకు రాని పద్దులన్నీ ఒకేసారి ఓటుకు పెట్టి ముగించేస్తారు కాబట్టి లిఖితపూర్వక జవాబొచ్చే ప్రశ్నే నయం. మంత్రి ఇచ్చిన జవాబు రికార్డుకెక్కుతుంది, తర్వాత కాదనలేరు. అన్నిటికంటే తేలికైనది, మున్సిపల్ కమిషనర్‌కి ఒక్క ఫోను.

మా ఎమ్మెల్యే గారు ప్రశ్న వేయలేదు. సొంత ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టడం ఇష్టం లేదని నా ముఖం మీదే చెప్పారు, అది నాకు నచ్చలేదు, ఆ మాటా ఆయనతోనే అన్నాను. కమిషనర్‌కి ఫోను మాత్రం నా ఎదుటే చేశారు. బకాయిలో కొంత భాగం జమైంది, తెలుగు పేపర్లు మళ్లీ వస్తున్నాయి. మిగతా బకాయి గురించి ఆయనకీ నాకూ ఇప్పటికీ పడదు. "నిదానంగా ఇస్తారు లెండి" అంటారాయన. ఆ నిదానం ఇంటి పన్ను వసూలు చేసేటప్పుడు ఉండదే అంటాను నేను.

ఇంకొకటి. వెళ్లేటప్పుడు నోటిమాటతో వెళ్లకండి. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద పీఏ చేత సంతకం, తేదీ వేయించుకోండి. దాంతోపాటు ఆర్టీఐ జవాబు జతచేయండి. గ్రంథాలయంలో చదువుకునే పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. వాళ్లకి ఓట్లున్నాయి, వాళ్లింట్లో వాళ్లకీ ఉన్నాయి, ఆ లెక్క ఎమ్మెల్యేలకి విడమరిచి చెప్పక్కర్లేదు.